కొయ్యగుర్రం మోసినవాడు

కోటగోడ లోపల పుట్టినవాడికి ఏరు తల్లి, బయట పుట్టినవాడికి మారుతల్లి అని అబెర్‌వెన్ ఊళ్ళో ఒక సామెత. కాడోగ్ ఆ గోడకి చాలా దూరంలో, కొండల్లో పుట్టాడు. కౌలుకి చేసుకుంటున్న రాళ్ళచెలక కాస్తా దొరగారు గొర్రెల మేతకింద కలిపేసుకుంటే, పెళ్ళాం నెస్టానీ ఇద్దరు పిల్లల్నీ ఒక దుప్పటి మూటనీ వెంటేసుకుని ఊళ్ళోకి దిగాడు. కోట నీడలో ఏటివార వీధి ఉంది. అక్కడ ఒక గది అద్దెకి దొరికింది. కిటికీ తెరిస్తే ఏటి బురద వాసన, మూస్తే పక్కింటి పంది వాసన.

కొండలోనూ వెల్షు భాషే, ఊళ్ళోనూ వెల్షే. అయితే కొండోళ్ళు మాటని సాగదీస్తారు. కాడోగ్ నోరు తెరిస్తే చాలు, "అదుగో, మేక అరిచింది" అని వీధంతా పళ్ళికిలించేది. వాడు నవ్వి ఊరుకునేవాడు. నవ్వక చేసేదేముంది? రేవు దగ్గర సున్నపు బట్టీలో పని కుదిరింది. ఓడల్లోంచి సున్నపురాయి దింపి బట్టీలో పోయడం, కాలాక తవ్వి తీయడం. అరచేతులు పగిలి, ఆ పగుళ్ళలో సున్నం దూరి, రాత్రిళ్ళు నెస్టా వెన్న రాస్తుంటే పళ్ళు బిగబట్టుకునేవాడు.

ఆ వీధి మగాళ్ళందరిదీ ఒకటే బతుకు, సాల్మన్ చేప. బుట్ట అల్లి, పైన గుడ్డ బిగించి, నీళ్ళు దిగకుండా తారులాంటి కీలు పూసిన పుట్టీలు వాళ్ళవి. రెండు పుట్టీలు ఏట్లో పక్కపక్కన తేలుతూ దిగుతాయి. ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి, ఒక చేత్తో తెడ్డు, ఇంకో చేత్తో వల కొస. మధ్యలో వల, వల్లో చేప. అందుకే అక్కడ మగాడికి పెళ్ళాం ఎంతో వలజోడు అంత. కొత్తగా వచ్చినవాడు ఆ వీధిలో నీళ్ళు తోడుకోవచ్చు, ప్రార్థన మందిరంలో పాటకి గొంతు కలపొచ్చు, చావొస్తే పాడె మొయ్యొచ్చు. వల కొస మాత్రం ముట్టుకోకూడదు. అది ఎవరూ చెప్పక్కర్లేదు.

అలాంటిది ఆ వీధిలోనే ఉండే హూవా ముసలాడు కాడోగ్‌ని పిలిచాడు. ముసలాడి కొడుకు జ్వరమొచ్చి పోయాడు. జోడు లేని పుట్టి ఏడాదిపాటు ఏటి గట్టున బోర్లాపడి ఉంది. ఒకనాడు బట్టీ దగ్గరికొచ్చి, రాళ్ళు మోస్తున్న కాడోగ్ భుజాల్ని పశువుల సంతలో చూసినట్టు చూసి, "రేపు తెల్లారి రా, తెడ్డు పట్టడం నేర్పుతా" అన్నాడు.

బీరుకొట్లో దానిమీద గొడవైంది. షెంకిన్ అని, వీధికి పెద్దలాంటివాడు, మెడ ఎద్దుమెడ, లేచి అడిగేశాడు. "మామా, నీకేమన్నా మతి పోయిందా? కొండోడికి ఏరేం తెలుసు? చేప దొరికితే గొర్రెనుకుని బొచ్చు కత్తిరిస్తాడు."

"మీ నాన్న నీకు నేర్పినప్పుడు నువ్వు పుట్టిలో ఉచ్చ పోసుకున్నావురా షెంకిన్," అన్నాడు హూవా గ్లాసు దించకుండా. "గట్టుమీద నించుని చూసింది నేనే. వీడింకా పోసుకోలేదు."

కొట్టంతా గొల్లున నవ్వింది. షెంకిన్ కూడా నవ్వేశాడు. అలా, ఎరువు తెచ్చుకున్న పుట్టిలో, కాడోగ్ చేతికి వల కొస వచ్చింది. రెండు చేపల కాలాలు గడిచాయి. ఈసారి వాడి పేరు మీదే ఒక పుట్టి అల్లుకోడానికి వీధి ఒప్పుకుంటుందేమో అని మాట నడుస్తోంది. నెస్టా అప్పుడే ఏటి గట్టున పుట్టి అల్లే చువ్వలు ఎక్కడ బాగుంటాయో చూసి పెట్టుకుంది. ఆ పుట్టి అంటూ ఉంటే ఇక ఈ ఊళ్ళోంచి కదిపేవాడు లేడు. పిల్లలు ఏటివార వీధి పిల్లలైపోతారు. కాడోగ్‌కి దేవుణ్ణి అడగాల్సింది అదొక్కటే ఉంది.

ఇంతలో పైగట్టు దొర ఒకాయన ఏటిమీద హక్కు కొనుక్కున్నాడు. ఏటిని ఎలా కొంటారని అడక్కండి. కోర్టు ఇంగ్లీషులో నడిచింది. వీధి మగాళ్ళు టోపీలు చేతుల్లో పట్టుకుని పొద్దంతా నించున్నారు. జడ్జిగారు గొణిగినదాంట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. బయటికొచ్చాక ఒక గుమాస్తా జాలిపడి చెప్పాడు, "ఏరు మీది కాదంట. ఇళ్ళకి పొండి." ఇళ్ళకి పోయి, తెల్లారి మళ్ళీ పుట్టీలెక్కారు.

దొర కాపలావాళ్ళని పెట్టాడు.

ఒక సాయంత్రం మబ్బు కమ్మి, వానొచ్చేలా ఉంది. పుట్టీలన్నీ రోజూలాగే కోట వెనక ఇసకతిన్నె మీద వరసగా బోర్లించి ఉన్నాయి. ఊరివాళ్ళ లెక్క ఏంటంటే, పుట్టి ఏటి దగ్గర పడుకోవాలి, మనిషి ఇంట్లో పడుకోవాలి. కొండోళ్ళ లెక్క వేరు. వానొచ్చేలోగా గొర్రెనైనా గొడ్డలినైనా చూరు కిందికి చేర్చాలి, లేకపోతే నిద్రపట్టదు. కాడోగ్ బట్టీ నుంచి వస్తూ వస్తూ హూవా పుట్టిని వీపుమీద ఎత్తుకుని, ముసలాడి పెరట్లో కట్టెల పాకలోకి చేర్చేశాడు. పుట్టి మోసేవాడి మొహం ఎవరికీ కనిపించదు. ఒక డిప్పా, దాని కింద రెండు కాళ్ళూ, తాబేలు నడిచినట్టుంటుంది, అంతే. వీధిలో ఒకరిద్దరు కిటికీల్లోంచి చూశారు కూడా. హూవా పుట్టి హూవా పెరట్లోకి పోయింది. అంతవరకే వాళ్ళకి తెలిసింది.

ముసలాడు మాత్రం రేగిపోయాడు. "పుట్టికి గుడ్డ ఎండితే పగులుతుంది కానీ వానకి పగులుతుందట్రా, కొండ వెధవా? తెల్లారి మళ్ళీ మొయ్యి!"

తెల్లారేసరికి మొయ్యడానికి ఏమీ మిగల్లేదు.

వాన రాలేదు కానీ, కాపలావాళ్ళు గొడ్డళ్ళతో, కీలు డబ్బాలతో వచ్చారు. వీధి లేచేసరికి ఇసకతిన్నె మీద పుట్టీలు భగభగమంటున్నాయి. కీలు పూసినవేమో, గడ్డివామి కంటే జోరుగా అంటుకున్నాయి. నల్లటి పొగ కోటగోడ మీదుగా పాకిపోతోంది. మగాళ్ళు లాగులు బిగించుకుంటూ పరిగెత్తారు. మొదట అందుకున్నవాడు షెంకిన్. ఒక కాపలావాడి జుట్టు పట్టి మంటవైపు ఈడ్చాడు. వాడి చెవి కాలిన వాసన వచ్చేదాకా వదల్లేదు. ఇంకొకడు తుపాకీ మడమతో షెంకిన్ మూతిమీద కొట్టాడు. ముందుపళ్ళు నాలుక మీద పడ్డాయి. ఉమ్మితే ఇసకలో మొక్కజొన్న గింజల్లా మెరిశాయి. కాడోగ్ ఒకణ్ణి నడుం పట్టి ఎత్తి ఏట్లో విసిరేశాడు. వాడు తేలి లేస్తూ అరుస్తుంటే, గట్టు మీదున్నవాళ్ళు తుపాకీ పేల్చారు. ఒక వీధివాడి మోకాలు చితికింది. దాంతో అందరూ ఆగారు. కాపలావాళ్ళు వెనక్కి నడుస్తూనే, తుపాకులు దించకుండా, వెళ్ళిపోయారు.

అప్పుడు చూసుకుంటే ఒక్క హూవా పుట్టి లేదు ఆ బూడిదలో.

ఇలాంటప్పుడు వీధి ఆలోచించదు, వాసన పడుతుంది. పుట్టీలు ఏ తిన్నె మీద ఉంటాయో కాపలావాళ్ళకి ఎవడు చెప్పాడు? నిన్న సాయంత్రమే తన పుట్టిని ఇంట్లో దాచుకున్నవాడు ఎవడు?

"తాతముత్తాతల కాలం నుంచీ పట్టపగలు బోర్లించి పెడుతున్నారు, కోట ఎక్కితే గుడ్డివాడికీ కనపడతాయి," అంది నెస్టా ఇంట్లో, కాడోగ్ మోచేతికి గుడ్డ చుడుతూ. "దానికి మళ్ళీ కబురు మోసేవాడెందుకు?"

"నువ్వెళ్ళి వాళ్ళకి చెప్పు."

"నేను కాదు, నువ్వు చెప్పాలి. ఆ పుట్టి తెచ్చింది నువ్వని చెప్పు."

చెప్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ముసలాడు అంటే వీధి మనిషి, కొట్టినా తిట్టినా తనవాడు. కొండ నుంచి దిగినవాడు, దొరకి చెలక పోగొట్టుకున్నవాడు, ఈ దొర దగ్గర కబురమ్ముకుని బతుకుదామనుకున్నాడంటే నమ్మనివాడెవడు? మోకాలు చితికినవాడు అవతలింట్లో కేకలు పెడుతున్నాడు. ఆ కేకలు గోడలోంచి వినిపిస్తున్నాయి. నెస్టా పిల్లల వంక చూసింది.

మధ్యాహ్నం షెంకిన్ వచ్చాడు. మూతి వాచి గుమ్మడికాయలా ఉంది. మాట బుసకొడుతూ వస్తోంది. "దీపాలు పెట్టే వేళకి కొయ్యగుర్రం లేస్తుంది. ముసలాడిమీదకి."

కొయ్యగుర్రం అంటే ఆ ఊళ్ళో ఏడ్చే పిల్ల కూడా నోరుమూస్తుంది. కోర్టు న్యాయం ఇంగ్లీషుది. గుర్రం న్యాయం వాళ్ళ సొంతం. మొహాలకి మసి పూసుకుని, ఆడాళ్ళ పావడాలు కట్టుకుని, కొమ్ములూదుతూ చిప్పలు వాయిస్తూ వస్తారు. తప్పుచేసినవాణ్ణి దుంగమీద కూర్చోబెట్టి కట్టి ఊరంతా తిప్పుతారు. ఆగినచోటల్లా పంచాయితీ పెడతారు, కొడతారు. చివర్న వంతెన మీంచి ఏట్లో ముంచుతారు.

"ముసలాడు చచ్చిపోతాడు షెంకినన్నా," అన్నాడు కాడోగ్.

"చావడు. ముదురు తోలు. దుంగ ముందుకొస నీ భుజం మీద పెడుతున్నాం."

"నేనా?"

"వాడితో ఒకే వల పట్టినవాడివి. నువ్వు ముందు నడిస్తే వీధి నిన్ను మనవాడంటుంది. నడవకపోతే..." షెంకిన్ ఆగి, రక్తం ఉమ్మి, బూటుతో నేలకి రుద్దాడు. "నీకు ఇద్దరు పిల్లలు కదూ? మంచి పిల్లలు."

దీపాలు పెట్టే వేళకి కాడోగ్ మొహానికి మసి పూసుకున్నాడు. నెస్టా పావడా ఇవ్వనంది. షెంకిన్ పెళ్ళాం పావడా కట్టుకున్నాడు. మడమల పైకి వచ్చింది.

హూవా తలుపు తన్నాల్సిన పని రాలేదు. తెరిచే ఉంది. ముసలాడు పొయ్యి దగ్గర కూర్చుని అంబట్లో మజ్జిగ పోసుకు తాగుతున్నాడు. కూతురు మార్గెడ్ అడ్డమొచ్చి కత్తిపీటలాంటి నోటితో ఒక్కొక్కణ్ణీ పేరుపెట్టి తిట్టింది. మసి వెనక ఎవడెవడో ఆవిడకి తెలుసు. ఒకడు ఆవిణ్ణి జుట్టు పట్టి గోడకి తోశాడు. తల తగిలిన చప్పుడు అయింది. ముసలాడు అప్పుడు లేచాడు, గిన్నె పక్కన పెట్టి. "దాన్ని ముట్టుకోకండి. నేను వస్తున్నాను కదా."

వీధిలో పీపా బోర్లించి దానిమీద షెంకిన్ జడ్జిలా కూర్చున్నాడు. తలకి ఆడాళ్ళ లేసు టోపీ, మెడలో గుర్రం పట్టెడ.

"హూవా! అందరి పుట్టీలూ కాలాయి. నీది ఎందుకు కాల్లేదు?"

ముసలాడు చుట్టూ చూశాడు. మసి మొహాలన్నీ దాటి, దుంగ ముందుకొస పట్టుకున్నవాడి దగ్గర ఆగాడు. మొహం చూడలేదు, భుజాలు చూశాడు. వాటిని ఎరిగినవాడే కదా. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాడు కాడోగ్. చెప్తే బాగుండు అని కూడా అనుకున్నాడు.

"ఇంటికి తెచ్చుకున్నా," అన్నాడు హూవా. "నా పుట్టి, నా ఇల్లు. కీలు పుయ్యాలి. దానికీ మీ సెలవు కావాలా?"

"నువ్వే తెచ్చుకున్నావా?"

"మరి అది నడిచొస్తుందట్రా?"

ఎవడో నవ్వబోయి ఆపుకున్నాడు. షెంకిన్ మూడుసార్లు అరిచాడు, ఇది తప్పన్నవాడు ఎవడైనా ఉన్నాడా అని. వీధి మౌనంగా ఉంది. కాడోగ్ వీధిలో ఒకడు. పెరట్లోంచి పుట్టిని లాక్కొచ్చి నడివీధిలో తగలబెట్టారు. ముసలాణ్ణి దుంగమీద అటూ ఇటూ కాళ్ళేసి కూర్చోబెట్టి, కాళ్ళని దుంగ కింద కలిపి కట్టారు. చేతులు వెనక్కి విరిచారు. ముందు కాడోగ్, వెనక ఇద్దరు. దుంగ లేచింది.

ముసలాడు బరువేం లేడు. బట్టీలో రాళ్ళ బుట్ట అంతకి రెండింతలుంటుంది. అయినా కాడోగ్ మెడ నరాలు ఉబ్బాయి.

కోట ద్వారం దగ్గర మళ్ళీ ఆపారు. అక్కడ పెద్ద గుంపు. మోకాలు చితికినవాడి అన్న బెల్టు తీసి ముసలాడి వీపుమీద కొట్టాడు. ఇత్తడి కట్టు తగిలినచోటల్లా చొక్కా తడిసింది. ఆడాళ్ళు గులకరాళ్ళు విసిరారు. ఒకటి కాడోగ్ చెవికే తగిలింది. మందిరంలో పక్కపక్కన కూర్చుని పాడేవాళ్ళే అందరూ. "కబురుగాడా! ఎంతిచ్చాడ్రా దొర?" అని అరుస్తున్నారు. ముసలాడు కిక్కురుమనలేదు. ఒక్కసారి మాత్రం ముందుకి వంగి, కాడోగ్ ఒక్కడికే వినపడేలా అన్నాడు, "కుడికాలు ఈడ్చకు. కుదుపుతోంది."

తెడ్డు నేర్పేటప్పుడు కూడా అదే గొంతు. కసురుతున్నట్టూ ఉంటుంది, ఏమీ లేనట్టూ ఉంటుంది.

అక్కడ్నుంచి వంతెనదాకా వాలు. కొమ్ములు ఊదుతున్నారు, చిప్పలు వాయిస్తున్నారు. కాడోగ్‌కి ఏదీ వినపడటం లేదు. వెనక ముసలాడి ఊపిరి ఒక్కటే వినపడుతోంది, పగిలిన తిత్తిలోంచి గాలి వస్తున్నట్టు. వంతెన ఎక్కారు. సముద్రపు పోటు తీసిపోయి ఏరు సన్నగా ఉంది, అటూ ఇటూ బురద. ఇంత తక్కువ నీళ్ళలోకి, అంత ఎత్తునుంచి, చేతులు కట్టేసిన ముసలాణ్ణి దింపితే ముంచడం కాదు అది, పాతడం. తాడు కడుతున్నారు. షెంకిన్ కడపటిసారి అరిచాడు, "తప్పన్నవాడు ఉన్నాడా?"

"ఉన్నాడు!"

ఆ అరుపు తన గొంతులోంచే వచ్చిందని కాడోగ్‌కి తెలిసేలోపు భుజం దిగిపోయింది. దుంగ ముందుకొస వదిలేసి, గుంపువైపు తిరిగాడు. "పుట్టి తెచ్చింది నేను! ముసలాడు తెమ్మనలేదు! వానకి తెచ్చాను, నేను తెచ్చాను..."

వాడి మాట ఎవరూ వినలేదు. వాళ్ళు విన్నది ఇంకో చప్పుడు. దుంగ ముందుకొస వంతెన రాయిమీద పడింది. ముసలాడు దానితోపాటు ముందుకి జారి, ఒరిగి, కింద కట్టేసిన కాలిమీదే పడ్డాడు. తుంటి ఎండుకట్టె విరిగినట్టు విరిగింది. ఇంతసేపూ నోరెత్తనివాడు అప్పుడు అరిచాడు. అరిచి, ఆగి, మళ్ళీ అరిచాడు.

కొమ్ములు ఆగిపోయాయి.

"ఏమన్నావు?" అన్నాడు షెంకిన్.

కాడోగ్ మళ్ళీ చెప్పాడు. ఈసారి అందరూ విన్నారు.

మొదటి దెబ్బ ఎవడు కొట్టాడో తెలీదు. కాడోగ్ మాత్రం వరసపెట్టి కొట్టాడు. సున్నపురాయి మోసిన చేతులవి. ఒకడి దవడ పక్కకి పోయింది. ఒకణ్ణి గోడకేసి రుద్దితే మొహమ్మీద మసితోపాటు తోలూ ఊడింది. షెంకిన్ లేసు టోపీ పట్టి లాగి, వాచిన మూతి మీదే గుద్దాడు. ముక్కు చితికి, టోపీ ఎర్రబడింది. ఎప్పుడొచ్చిందో నెస్టా గుంపుని చీల్చుకుంటూ వచ్చింది. బట్టలుతికే కర్రతో ఒకడి వేళ్ళు నలగ్గొట్టింది. ఇద్దరు ఆవిణ్ణి ఎత్తి అవతలికి మోసుకుపోతుంటే ఒకడి చెవి కొరికి ఉమ్మింది. ఎంతకొట్టినా ఒక్కడు ఒక్కడే. వెనకనుంచి దుంగకి కట్టే మోకు మెడలో పడింది. కింద పడ్డాక బూట్లతో తన్నారు. పక్కటెముకలు లోపలికి పోవడం వాడికి వినపడింది. ఒక కన్ను మూసుకుపోయింది. ముసలాడి కట్లు కోసి, అదే దుంగకి కాడోగ్‌ని కట్టారు. వంతెన మీంచి తలకిందులుగా వదిలారు.

బురదలో తల దిగింది. లాగారు. ఊపిరి తీసుకోబోతే నోట్లోంచి బురద వచ్చింది. మళ్ళీ వదిలారు. కొండోడికి ఈత రాదు, వచ్చినా ఉపయోగం లేదు. ఆఖరికి ఎవరికో చేతులు నొప్పిపుట్టాయి. తాడు కోసేశారు. బురదలోంచి వాణ్ణి గట్టుమీదకి లాగింది నెస్టా, ఆవిడతోపాటు మార్గెడ్. తలమీద రక్తం గడ్డకట్టి ఉంది మార్గెడ్‌కి. లాగేసి, వాళ్ళ నాన్న దగ్గరికి పోయింది.

కొన్నాళ్ళకి కాడోగ్ గోడ పట్టుకుని లేచి కూర్చోగలిగాడు. నెస్టా మూట కట్టేసింది. ఎటు పోవాలో తెలీదు కానీ మూట సిద్ధంగా ఉంది. అప్పుడు షెంకిన్ వచ్చాడు. ముక్కు వంకర తిరిగి అతుక్కుంది. చేతిలో బార్లీ రొట్టె ఉంది.

"మూట దేనికమ్మా?" అన్నాడు.

"నువ్వు తరమడానికి రాలేదా?" అంది నెస్టా.

"తరిమేది పరాయివాణ్ణి. గుర్రమెక్కించేది మనవాణ్ణి." బల్లమీద కూర్చున్నాడు, పిలవకపోయినా. "ఎక్కాడు, మునిగాడు, బతికాడు. చెల్లు. ఇక దీన్నిగురించి ఎవడూ ఎత్తకూడదు. ఎత్తితే వాడి పళ్ళు కూడా ఊడతాయి, నాలాగ."

"కబురు చెప్పింది నేను కాదు," అన్నాడు కాడోగ్.

"అయ్యుండకపోవచ్చు."

"హూవా మామ కూడా కాదు."

"అయ్యుండకపోవచ్చు. వీధి చల్లబడింది, అది చాలదా?" షెంకిన్ ముక్కు తడుముకున్నాడు. "బాగా గుద్దావురా. మా జోడుగాడు మోకాలు పోయి మంచానపడ్డాడు, తెలుసుగా. కొత్త పుట్టీలు అల్లాం. రెండోది నీది."

చిన్నది రొట్టె మీద చెయ్యేసింది. నెస్టా దాని చెయ్యి తీయలేదు.

"ముసలాడి సంగతి?" అన్నాడు కాడోగ్.

"ఆయనకీ చెల్లే. ఎక్కాడు, దిగాడు."

"దిగలేదు. పడ్డాడు."

"పడేసింది నేనా?" అన్నాడు షెంకిన్. తిట్టినట్టు కాదు. నిజంగానే అడిగాడు.

ఆ సాయంత్రం కాడోగ్ గోడ పట్టుకుని పట్టుకుని ముసలాడి ఇంటికి పోయాడు. మార్గెడ్ తలుపు తీసి పక్కకి తప్పుకుంది. హూవా పొయ్యి పక్కన మంచంలో ఉన్నాడు. దుప్పటి కింద ఒక కాలు పక్కకి తిరిగి ఉంది, వేరేవాళ్ళ కాలు తెచ్చి పెట్టినట్టు.

"దగ్గరికి రా," అన్నాడు. "ఇంకా దగ్గరికి, వంగు."

వంగాడు. ముసలాడు శక్తికొద్దీ లెంపకాయ కొట్టాడు. మూసుకుపోయిన కన్నువైపు తగిలి, కాడోగ్‌కి నిప్పురవ్వలు కనిపించాయి.

"నా గడప ముందు అడిగినప్పుడు చెప్తే నేను నీ పక్కన నించునేవాణ్ణి. కోట దగ్గర చెప్పినా బాగుండేది. రెండుచోట్లా నోరు కుట్టేసుకున్నావు. సరే, పిల్లలవాడు, భయం, అనుకున్నా. నేనే మోసేద్దామనుకున్నా. ఏట్లో ముంచితే నాకేమవుతుందిరా, పుట్టింది అందులోనే కదా. వంతెన దాటితే ఇంటికొచ్చి పడుకునేవాణ్ణి." ఊపిరి అందక ఆగాడు. "నోరు తెరవాలంటే భుజం దించాలట్రా? దుంగ మోస్తూ చెప్పలేవా? కింద పెట్టి చెప్పలేవా?"

"తెలీలేదు మామా."

"నీకు తెలీదు. దుప్పటి తియ్యి. చూడు."

కాడోగ్ తీయలేకపోయాడు. మార్గెడ్ వచ్చి తీసింది. వాడు చూశాడు. ముసలాడు వాణ్ణి చాలాసేపు చూడనిచ్చాడు.

"షెంకిన్ పిలిచాడంట కదా."

"పిలిచాడు."

"వెళ్ళు. పిల్లల్ని పస్తుంచి నాకు పుణ్యం చెయ్యక్కర్లేదు. నువ్వు పట్టిన చేప మాత్రం ఈ ఇంటికి తేవద్దు. తెస్తే మార్గెడ్ నీ మొహాన కొడుతుంది. ఇక పో."

మర్నాడు తెల్లవారుతుండగా ఏటిమీద పొగమంచు ఉంది. ఇసకతిన్నె మీద కొత్త పుట్టీలు కీలు వాసన కొడుతున్నాయి. మగాళ్ళు జరిగి చోటిచ్చారు. ఒకడు పొగాకు అందించాడు. బెల్టుతో కొట్టినవాడు తెడ్డు తెచ్చి చేతికిచ్చాడు, "పక్కటెముకలు ఎలా ఉన్నాయిరా అబ్బీ?" అని. కాడోగ్ బాగానే ఉన్నాయన్నాడు.

రెండు పుట్టీలు ప్రవాహంలోకి జారాయి. షెంకిన్ అటు, వాడు ఇటు. కోట మలుపు దాటేలోపే వల ఒక్కసారిగా గుంజింది. పుట్టీలు రెండూ దగ్గరికి లాక్కుని వల ఎత్తారు. పెద్ద ఆడచేప, నిగనిగలాడుతూ, మనిషి చెయ్యంత. కాడోగ్ పుట్టిలోకే పడింది. కాళ్ళమధ్య ఎగిరెగిరి పడుతోంది.

"కొట్రా, పుట్టి తిరగబడుతుంది!" అన్నాడు షెంకిన్.

కాడోగ్ దుడ్డుకర్ర తీసి చేప తలమీద కొట్టాడు. చేప బిగుసుకుని, వణికి, ఆగిపోయింది. మళ్ళీ కొట్టాడు. కన్ను ఊడింది. మళ్ళీ కొట్టాడు. విరిగిన ఎముకలు లోపల కలుక్కుమంటున్నా ఆగలేదు. పొలుసులూ నెత్తురూ మొహాన చింది, గడ్డంలోంచి కారుతున్నాయి. పుట్టి ఊగిపోతోంది.

"ఒరే, చచ్చిందిరా," అన్నాడు షెంకిన్. తర్వాత ఇంకాస్త నెమ్మదిగా, ఎన్నడూ లేనంత నెమ్మదిగా, "కాడోగ్. చచ్చింది. ఇక ఆపు."